మిగిలింది ఎక్కడికి పోయింది?

అనంతపురం జిల్లాలో మంచి పదును వాన పడిన మర్నాడు ఏ ఎరువుల అంగడి ముందైనా గంటసేపు నిలబడండి. ఇలాంటి మాట ఒకటి వినపడి తీరుతుంది: "పక్కతోటాయప్ప మూడు మూటలు ఏసినాడంట. నాకు నాలుగియ్యన్నా."

నాలుగోది ఎందుకని అడిగితే జవాబు రాదు. ఆకు కాస్త లేతగా కనబడింది, పక్కతోట ముదురు పచ్చగా ఉంది, మనసు ఊరుకోలేదు. 45 కిలోల యూరియా మూట ధర 266 రూపాయల 50 పైసలు. తోట దెబ్బతింటే పోయేది లక్షలు. మూట ఎక్కువైతే పోయేది మూడు వందల లోపు. ఇలా చూస్తే ఆ రైతు లెక్క తెలిసినవాడే. కానీ ఆ లెక్కలో ఒక గడి ఖాళీగా ఉంది. పైరు తీసుకోగా మిగిలిన ఎరువు ఏమైంది?

వ్యక్తిత్వ వికాసం అనగానే మనకు లక్ష్యాలు, సమయపాలన, మాటనేర్పు గుర్తొస్తాయి. వాటన్నిటికంటే ముందు అలవడాల్సిన గుణం ఒకటుందని నేను గట్టిగా నమ్ముతాను. మన పనిలో మిగిలినది ఎవరి మీద పడుతోందో వెతికి చూసి, దాన్ని రాసి పెట్టుకోవడం. ఈ గుణం ఆఫీసులో కూర్చునేవారికీ కావాలి, ఇల్లు నడిపేవారికీ కావాలి. అయితే దాన్ని సాధన చేయడానికి పొలమే సరైన చోటు. అక్కడ కిలోలూ లీటర్లూ ఉంటాయి కాబట్టి మాటలతో తప్పించుకోవడం కుదరదు. మీకు సేద్యం ఉంటే ఇది నేరుగా మీ పని. లేకపోతే ఊళ్లో ఉన్న అన్నకో మామకో చదివి వినిపించండి.

వాన లేనిచోట ఎరువు కిందికి దిగుతుందా?

అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. ఇంత కొద్ది వానకు ఎరువు భూమిలోకి దిగి నీళ్లను పాడుచేస్తుందంటే ఎవరికైనా సందేహం వస్తుంది. రావాలి కూడా. సందేహాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్లేవాడే ఏదైనా నేర్చుకుంటాడు.

నేలలో వేసిన యూరియా ముందు అమ్మోనియంగా, తర్వాత నైట్రేట్‌గా మారుతుంది. తడి, వేడి ఉంటే ఇదంతా కొద్ది వారాల్లో జరిగిపోతుంది. మట్టిలోని బంకరేణువుల మీద రుణావేశం ఉంటుంది, నైట్రేట్ మీదా రుణావేశమే. అందుకని మట్టి దాన్ని పట్టి ఉంచలేదు. మన ఎర్ర ఇసుక నేలల్లో బంక శాతమే తక్కువ. ఎండాకాలమంతా పైపొరలో పేరుకున్న నైట్రేట్, పెద్దవాన ఒక్కటి పడగానే నీటితో పాటు వేళ్లు దాటి కిందికి జారిపోతుంది. మనకు వాన తక్కువే, కానీ పడినప్పుడు రెండు మూడు విడతల్లో కుమ్మరించి పోతుందని మీకు తెలిసిందే.

ఇక కింద ఏముంది? చాలాచోట్ల గ్రానైటు రాయి. ఆ రాతి పగుళ్లలో, దాని మీది శిథిల పొరలో నిలిచే నీరు కొద్దిగానే ఉంటుంది. కొత్త నీరు వచ్చి పలచన చేసే అవకాశం తక్కువ. అదే నీటిని బోరు పైకి తోడుతుంది. మొక్క నీటిని పీల్చుకుని లవణాల్లో చాలావరకు వదిలేస్తుంది. మిగిలింది ఇంకి మళ్లీ అదే పగుళ్లలోకి చేరుతుంది. మళ్లీ బోరు, మళ్లీ తోట. నీళ్లు సమృద్ధిగా ఉన్న చోట చేసిన పొరపాటును వరద కడుక్కుపోతుంది. కరవు నేలలో చేసిన పొరపాటు ఊళ్లోనే ఉండిపోతుంది. అందుకే ఈ లెక్క కృష్ణా డెల్టా కంటే మనకే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

తాగేనీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ దాటకూడదని భారతీయ ప్రమాణం. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం దేశమంతటా పరీక్షించిన నమూనాల్లో దాదాపు ఐదింట ఒకటి ఆ గీత దాటింది. 2017లో 359 జిల్లాల్లో కనబడిన ఈ సమస్య 2023 నాటికి 440 జిల్లాలకు పాకింది. తప్పంతా ఎరువుదే కాదు. మరుగుదొడ్ల గుంతలు, మురుగు, బావి పక్కనే వేసిన పేడదిబ్బ కూడా నైట్రేట్‌ను పంపుతాయి. ఆరునెలల లోపు పసిబిడ్డకు ఇలాంటి నీళ్లతో పాలపొడి కలిపి పడితే రక్తం ప్రాణవాయువును మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. నీళ్లు కాచితే నైట్రేట్ పోదు. నీరు ఆవిరై, ఉన్న నైట్రేట్ ఇంకాస్త చిక్కబడుతుంది. 1990ల మధ్యలో మొదలైన శ్రీ సత్యసాయి తాగునీటి పథకం వల్ల వందల ఊళ్లకు కుళాయి నీళ్లొచ్చాయి. కానీ కలుపు తీసే కూలీలు మధ్యాహ్నం తాగేది చేలోని బోరు నీళ్లే. మన మిగులు మొదట పడేది వాళ్ల చెంబులో.

అరటితోట లెక్క

తాడిపత్రి, పుట్లూరు, యల్లనూరు, నార్పల వైపు అరటితోటలు మన కళ్లముందే పెరిగాయి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటిపళ్ల కంటైనర్లతో ప్రత్యేక రైలు ముంబై రేవుకు వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరు 9న దక్షిణ భారతంలోనే మొదటి కిసాన్ రైలు అనంతపురం నుంచి ఢిల్లీకి బయల్దేరింది. కరవు సీమ రైతు సాధించిన ఘనత అది. ఆ రైళ్లలో పండుతో పాటు నేలలోని సత్తువ కూడా ప్రయాణం చేసింది. ఎంత వెళ్లిందో, ఎంత ఇక్కడే ఉండిపోయిందో లెక్కేద్దాం.

ఎకరాకు 1,200 మొక్కలు, మొక్కకు 200 గ్రాముల నత్రజని అనుకోండి. మీ తోట అంకెలు వేరుగా ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే. వేసింది మొత్తం 240 కిలోలు. యూరియాలో నత్రజని 46 శాతం, అంటే మూటకు 20.7 కిలోలు. ఆ లెక్కన పదకొండున్నర మూటలు. టన్ను అరటిపళ్లలో ఉండే నత్రజని సుమారు 2 కిలోలు. 25 టన్నుల దిగుబడి వస్తే తోట దాటి వెళ్లింది 50 కిలోలు. మరి 190 కిలోలు?

అందులో కొంత బోదెల్లో, ఆకుల్లో, దుంపల్లో ఉంది. వాటిని నరికి తోటలోనే పరిచేస్తే నేలకే తిరిగి చేరుతుంది, వచ్చే పంటకు ఆ మేరకు తక్కువ కొనొచ్చు. గట్టు మీద కుప్పేసి నిప్పు పెడితే పొగలో పోతుంది. కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. తక్కినది నీటివెంట దిగుతుంది. ఏ దారిన ఎంత పోయిందో గ్రాములతో సహా తేల్చడం పరిశోధకులకే కష్టం. ఆ కష్టం చూసి లెక్క మానేయకండి. 190 అనే అంకె కళ్లముందు ఉంటే చాలు, వచ్చే ఏడాది దాన్ని 150 చేయడం ఎలాగన్న ఆలోచన దానంతటదే మొదలవుతుంది. అంకె లేని చోట ఆలోచన మొదలు కాదు.

పొటాషియం సంగతి వేరు. పండుతో పాటు నత్రజని కంటే చాలా ఎక్కువ పొటాషియం బయటికి వెళ్తుంది. యూరియా మీదే చూపు నిలిపిన రైతు ఒకవైపు అక్కరలేనిది కుమ్మరిస్తూ, ఇంకోవైపు కావాల్సినది ఖాళీ చేస్తుంటాడు. మనుషుల విషయంలోనూ ఇదే చూస్తాం. పిల్లవాడికి ట్యూషన్ల మీద ట్యూషన్లు పెట్టించే తండ్రి, వాడితో అరగంట కూర్చుని మాట్లాడడు. దేనికి కొరత ఉందో చూడకుండా చేతికి అందినదే ఎక్కువిచ్చేస్తాం.

గట్టుకు అటూ ఇటూ

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే. ఒకే ఊళ్లో, ఒకే కుటుంబం చేతిలో, గట్టుకు ఇటువైపు చీనీతోట మోతాదు మించి మేస్తుంటుంది. అటువైపు మెట్ట శెనక్కాయ చేను ఆకలితో ఉంటుంది.

శెనక్కాయ కోత ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి. చెట్టును వేళ్లతో సహా పీకేస్తాం. కాయలు అంగడికి, కట్టె పశువులకు. చేలో మిగిలేది దాదాపు శూన్యం. క్వింటా కాయల్లోనే 3 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. పప్పుజాతి పంట గనుక వేరుబుడిపెల్లోని బాక్టీరియా గాలి నుంచి కొంత తెచ్చిస్తుంది. భాస్వరం, పొటాష్, గంధకాలను గాలి తెచ్చివ్వదు. వర్షాధార వేరుశనగకు ఎకరాకు 8 కిలోల నత్రజని, 16 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్, పూతదశలో 200 కిలోల జిప్సం అని వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సు. నత్రజని అంకె ఎంత చిన్నదో, పొటాష్ అంకె దానికి ఎన్ని రెట్లుందో చూడండి. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మన మెట్ట జిల్లాల మట్టిని పరీక్షించినప్పుడు గంధకం, బోరాన్, జింకు లోపాలు విస్తారంగా బయటపడ్డాయి. అనంతపురం వ్యవసాయ పరిశోధనా స్థానంలో 1985లో వేరుశనగ మీద మొదలైన దీర్ఘకాల ప్రయోగంలో, ఎరువు మోతాదును సగం చేసి, హెక్టారుకు 4 టన్నుల శెనక్కాయ పొట్టు కలిపిన మడుల్లో నేల కర్బనం బాగా నిలిచింది. మిల్లు దగ్గర కుప్పలుగా పడి ఉండే పొట్టు అది!

కాబట్టి ముందు మీ పొలం మ్యాపు గీయండి. ఫోనులో ఉపగ్రహ చిత్రం దొరుకుతుంది, కానీ మొదటిసారి చేత్తోనే గీయమంటాను. కాగితం మీద గట్లు, బోర్లు, ఎండిపోయిన పాత బావి, దిబ్బ, కొట్టం, వంక, మరుగుదొడ్డి గుంత, కూలీలు నీళ్లు పట్టుకునే చోటు గుర్తించండి. వాన నీరు ఎటు పారుతుందో బాణాలు వేయండి. ఎర్రగరుసు ఎక్కడ మొదలవుతుంది, నల్లమట్టి తగిలేది ఎక్కడ, ఏ మూల పైరు ఎప్పుడూ పాలిపోతుంది? ఇవి అమ్మకు, అవ్వకు మీకంటే బాగా తెలుసు. వాళ్లను వెంటబెట్టుకుని చేనంతా తిరగండి. దిబ్బకూ పాత బావికీ మధ్య నాలుగడుగులే ఉన్నాయని చాలామంది మ్యాపు గీసిన రోజే గమనిస్తారు. ఏటా అలవాటుగా గొర్రెల మందను తోటలోనే తోలిస్తున్నారా? ఈసారి ఆ రాత్రులు మెట్టచేలో మంద పెట్టించండి. రూపాయి అదనపు ఖర్చు లేకుండా ఒకచోటి మిగులు ఇంకోచోటి కొరత తీరుస్తుంది.

నీటికి లెక్క రాసిన ఊళ్లు

"మన రైతులు రాస్తారా సార్ ఇవన్నీ?" అని పెదవి విరిచేవాళ్లకు నా సమాధానం మన జిల్లాలోనే ఉంది.

2000ల దశకంలో ఆంధ్రప్రదేశ్ ఫార్మర్ మేనేజ్డ్ గ్రౌండ్‌వాటర్ సిస్టమ్స్ అనే ప్రాజెక్టు నడిచింది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 600కు పైగా ఆవాసాలు అందులో ఉన్నాయి. నంద్యాలకు చెందిన బర్డ్స్ సంస్థ ముందుండి నడిపింది. మొదట నెదర్లాండ్స్, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండగా నిలిచాయి. రైతులే, ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి, వాన కొలిచారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచారు. ఆ అంకెలను ఊరి మధ్య బోర్డు మీద అందరికీ కనబడేలా రాశారు. రబీ ముందు కూర్చుని ఈ ఏడు భూమిలో ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత కావాలి అని బడ్జెట్ వేశారు. వరి వేయవద్దని ఎవరూ శాసించలేదు, మానేసినవారికి డబ్బూ ఇవ్వలేదు. అంకె చూసి చాలామంది తమంతట తామే పంట మార్చుకున్నారు. బడి చదువు అంతంతమాత్రమైనవారు సైతం హైడ్రాలజీ మాటలు అలవోకగా మాట్లాడారు. నీటికి చేసిన పని ఎరువుకు చేయలేమా?

ఆ నెదర్లాండ్స్‌లోనే 1998లో మినాస్ అనే పద్ధతి తెచ్చారు. ప్రతి క్షేత్రం గేటు దాటి లోపలికొచ్చిన నత్రజని, భాస్వరం ఎంత, పాలుగా, పంటగా బయటికెళ్లింది ఎంత అని రాయాలి. మిగులు హద్దు దాటితే సుంకం కట్టాలి. పాడి క్షేత్రాల్లో మిగులు తగ్గింది. అయినా యూరప్ నీటి చట్టానికి ఆ పద్ధతి సరిపోదని 2003లో యూరోపియన్ న్యాయస్థానం తేల్చింది. 2006 నుంచి వాడకం మీద నేరుగా పరిమితులు వచ్చాయి. సర్కారు కోసం రాసే లెక్క చట్టంతో పాటే వస్తుంది, చట్టంతో పాటే పోతుంది. తన బోరు కోసం, తన పిల్లల కోసం రాసుకునే లెక్కను ఎవరూ రద్దు చేయలేరు. మన ఊళ్ల బోర్డుల దారే మనకు సరైనదని నేనంటాను.

పుస్తకంలో ఏం రాయాలి?

రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి చాలు. ఒక్కో మడికి ఒక్కో పేజీ. ఎడమవైపు లోపలికి వచ్చినవి: ఎరువు మూటలు, దిబ్బ ఎరువు బండ్లు, మంద పెట్టిన రాత్రులు, బోరు నీళ్లు. కుడివైపు బయటికి వెళ్లినవి: కాయ, పండు, మేత, కాల్చేసిన చెత్త. మూట మీది అంకెలు చదవడం నేర్చుకోండి. 50 కిలోల డీఏపీలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. డీఏపీ వేసినవాడు నత్రజని కూడా వేసినట్టే, కానీ చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు.

బోరు నీళ్లను ఎరువుల వరుసలో ఎందుకు పెట్టానంటారా? లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్న నీటిలో అసలు నత్రజని సుమారు 10 మిల్లీగ్రాములు. అంటే లక్ష లీటర్లు పారిస్తే కిలో నత్రజని. మీ బోరు ఎంత పోస్తుందో తెలియకపోతే 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఫోనులో సెకన్లు చూడండి. 72 సెకన్లలో నిండితే గంటకు 10 వేల లీటర్లు. రోజుకు 5 గంటల చొప్పున 40 రోజులు నడిస్తే 20 లక్షల లీటర్లు, 20 కిలోల నత్రజని. అంటే యూరియా మూటెడు సత్తువ పైసా ఖర్చు లేకుండా డ్రిప్పు గొట్టంలోంచి వచ్చేసింది. గతంలో ఎవరో వదిలేసిన మిగులే అది. దాన్ని లెక్కలోకి తీసుకుని ఒక మూట తగ్గిస్తే మీకు డబ్బు మిగులుతుంది, కింది నీటికి కొంత భారం తగ్గుతుంది. ల్యాబు రిపోర్టులో ఒక్కటి సరిచూసుకోండి. నైట్రేట్ అని రాస్తే హద్దు 45, నైట్రేట్-నైట్రోజన్ అని రాస్తే హద్దు దాదాపు 10. రెంటినీ కలగాపులగం చేస్తే లెక్క నాలుగున్నర రెట్లు తప్పుతుంది.

మట్టి సంగతికొస్తే, 2015 ఫిబ్రవరి 19న మొదలైన భూసార కార్డుల పథకం కింద మీ ఇంట్లోనూ కార్డు ఉండే ఉంటుంది. అందులో 12 అంశాలుంటాయి. నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు, మెట్టలో 10 హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీశారు. కనుక మీ మడికి అది సుమారు అంచనా మాత్రమే. అయినా చదవండి, అర్థం కాని అంకెను రైతు సేవా కేంద్రంలో అడగండి. అడగడానికి మొహమాటపడేవారు ఎరువు మీద వేలు పోసి, తమ నేల గురించి తెలియకుండానే ఉండిపోతారు.

మోతాదు తగ్గించాలంటే భయంగా ఉంటుంది, ఉండడం సహజం. తోటంతా తగ్గించమని నేననను. నాలుగు వరుసల్లో మాత్రం పావుభాగం తగ్గించి, గుర్తుగా కర్రలు పాతి, దిగుబడి విడిగా తూకం వేయండి. తేడా లేకపోతే వచ్చే ఏడు పన్నెండు వరుసలు. ధైర్యం ఉపన్యాసాలు వింటే రాదు, తన కాటా మీద తాను చూసిన బరువు వల్ల వస్తుంది. డ్రిప్పులో ఎరువు ఇచ్చేవారు ఒకేసారి కుమ్మరించకుండా చిన్న చిన్న విడతలుగా ఇవ్వండి. పెద్దవాన సూచన ఉంటే ఆ వారం ఆపండి. యూరియా కలిపిన డ్రమ్ముకు మూత పెట్టండి, దాహంతో వచ్చిన గొర్రెకు ఆ నీళ్లు ప్రాణాంతకం.

పుస్తకం పదిమంది ముందు తెరవడం

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇది. మన ఊళ్లలో బోరు లోతు చెబుతాం, దిగుబడి కాస్త పెంచి చెబుతాం. ఎరువు ఎంత వేశామో మాత్రం దాచుకుంటాం, లేకపోతే గొప్పగా పెంచి చెప్పుకుంటాం. పక్కాయన ఆ మాట విని ఇంకో మూట కలుపుతాడు. ఇలా ఒకరి గొప్ప ఇంకొకరి భయమై, అందరి నీళ్లలోకి చేరుతుంది. రాతి పగుళ్లకు సర్వే నంబర్లు తెలియవు. మీ బోరు నీటిలో ఉన్నది మీదో, ఎగువ తోటాయనదో ఎవరూ విడదీయలేరు. అందుకే ఒక్కరి లెక్క అరలెక్క. పది తోటల అంకెలు ఒక కాగితం మీదికి వస్తేనే ఊరి మ్యాపు అవుతుంది.

ఇంకో నిజం కూడా మాట్లాడుకోవాలి. చాలాచోట్ల ఎరువు అప్పిచ్చేదీ, ఏ ఎరువు వేయాలో చెప్పేదీ ఒకే మనిషి. అప్పులో ఉన్నవాడికి కాదనే గొంతు సన్నబడుతుంది. అలాంటి రైతును అజ్ఞాని అని తిట్టడం అన్యాయం. అతని చేతికి సొంత అంకె ఇవ్వాలి. "మా మట్టిలో భాస్వరం చాలినంత ఉందన్నా, కార్డు చూడు" అని అనగలిగిన రోజు అతని గొంతుకు బలం వస్తుంది. డిగ్రీ చదివి ఊళ్లో ఉన్న యువకులారా, పొదుపు సంఘం పుస్తకాలు తప్పులేకుండా రాస్తున్న అక్కలారా, ఈ పని మీకు బాగా నప్పుతుంది. నెలకో సాయంత్రం పదిమంది రైతుల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది రాసిపెట్టండి. ఊళ్లో మీకు వచ్చే గౌరవం ఏ సర్టిఫికెట్టూ తెచ్చివ్వలేదు.

ఈ వారంలోనే ఒక శుభ్రమైన లీటరు సీసా తీసుకోండి. బోరు పది నిమిషాలు నడిచాక నీళ్లు పట్టండి. తేదీ, మడి పేరు రాసి, చల్లగా ఉంచి, ఆలస్యం చేయకుండా నీటి పరీక్ష ల్యాబులో ఇవ్వండి. ఎక్కడ ఇవ్వాలో తెలియకపోతే రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలోనో మీ ఊరి రైతు సేవా కేంద్రంలోనో అడగండి. వానలకు ముందు ఒకసారి, వానలు వెనుదిరిగాక ఒకసారి, ఏటా రెండుసార్లు ఈ పరీక్ష జరగాలి. వచ్చిన అంకెను స్టార్టర్ పెట్టె మీద రంగుతో రాయించండి. 45 దాటితే, తోటలో పనిచేసేవారికి మర్నాటి నుంచే తాగడానికి వేరే నీళ్లు తెప్పించండి.